సీతాఫలం అడిగితే గుమ్మడికాయ
(నలుగురి నోట ఒకే మాట ఎలా కుదురుతుంది?)

ఢిల్లీకి బదిలీపై వచ్చిన తెలుగు కుటుంబాలలో చాలామందికి తొలి ఏడాదిలోనే ఎదురయ్యే అనుభవం ఒకటున్నది. మంగళవారం సాయంత్రం కాలనీ వీధి పొడవునా మంగళ్ బజార్ తీరుతుంది. దీపాల వెలుగులో కూరగాయల గుట్టలు, బేరాల కేకలు చూస్తే మన ఊరి సంత గుర్తుకు వస్తుంది. ఇల్లాలు వచ్చీరాని హిందీలో ధైర్యం చేసి ‘సీతాఫల్ హై?’ అని అడుగుతుంది. ‘హై జీ, కిత్నా దూఁ?’ అంటాడు అమ్మేవాడు. కిలో అనగానే కత్తి తీసి, పెద్ద గుమ్మడికాయను చీల్చి, పచ్చని ముక్కను తూకంలో వేస్తాడు. తియ్యని పండు కోసం ఇంట్లో ఎదురుచూస్తున్న పిల్లల ముందు సంచిలో నుండి గుమ్మడి ముక్క బయటపడుతుంది.

మేమూ ఆ ముక్కను ఇంటికి తెచ్చుకున్నవారమే. ఢిల్లీ వాడుకలో సీతాఫల్ అంటే గుమ్మడికాయ. మనం సీతాఫలం అనే పండును ఇక్కడివారు శరీఫా అంటారు. ఇందులో అమ్మినవాని తప్పు లేదు, అడిగినవారి తప్పూ లేదు. ఇద్దరూ తమ తమ లోకంలో సరైన మాటనే పలికారు. అయితే ఈ మాటకు ఇక్కడ ఈ అర్థమని, అక్కడ ఆ అర్థమని నిర్ణయించినది ఎవరు? ఏ సభ కూర్చుని తీర్మానించింది? ఏ గెజెట్‌లో ప్రకటించారు? ఎవరూ నిర్ణయించలేదు. అయినా కోటిమందికి పైగా ఉన్న నగరంలో కూరల బండి ముందు ఈ మాట విషయమై తగవు రాదు. ఎవరూ ఆజ్ఞాపించకుండానే ఇంతమంది నోట ఒకే మాట ఎలా కుదిరిందన్నది చిన్న ప్రశ్న కాదు. తత్త్వవేత్తలు, భాషావేత్తలు, ఇటీవల గణకయంత్ర శాస్త్రవేత్తలు కూడా దీనిని శ్రద్ధగా పరిశీలించారు. అన్ని రాష్ట్రాలవారూ కలిసి పనిచేసే మనవంటి ప్రభుత్వరంగ సంస్థలవారికీ, మన కుటుంబాలకూ ఈ విషయంతో దగ్గరి సంబంధమే ఉన్నది.

రెండు తెడ్లు, ఒక పడవ

స్కాట్లండుకు చెందిన తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740 ప్రాంతంలో ఒక చక్కని ఉపమానం చెప్పాడు. ఒక పడవలో ఇద్దరు కూర్చుని చెరొక తెడ్డు వేస్తున్నారు. వారు ముందుగా ఏ ఒప్పందమూ చేసుకోలేదు, ప్రమాణాలూ చేయలేదు. అయినా ఇద్దరి తెడ్లూ ఒకే లయలో పడతాయి. ఎందుకంటే ఒకరు ఒక తీరున, మరొకరు మరొక తీరున వేస్తే పడవ గిరగిర తిరుగుతుందే తప్ప ముందుకు సాగదు. గోదావరి పాయలలో పడవ ప్రయాణం ఎరిగినవారికి ఇది వివరించి చెప్పనవసరం లేదు. భాష కూడా ఇలాగే మాట ఇచ్చిపుచ్చుకోకుండానే కుదిరిన ఒప్పందమని హ్యూమ్ భావించాడు.

అమెరికా తత్త్వవేత్త డేవిడ్ లూయిస్ 1969లో వెలువరించిన గ్రంథంలో ఈ భావాన్ని మరింత పదును పెట్టాడు. రోడ్డుకు ఎడమవైపు నడపాలా, కుడివైపు నడపాలా అన్నదానిలో స్వతహాగా మంచిచెడులు లేవు. అందరూ ఒకే వైపు నడపడమే ముఖ్యం. ఎదుటివాడు ఎడమవైపు వస్తాడని నాకు నమ్మకం. నేనూ అలాగే వస్తానని అతనికి నమ్మకం. ఈ పరస్పర నమ్మకమే ఆచారాన్ని నిలబెడుతుంది. మాట సంగతీ అంతే. గుమ్మడికాయకూ ‘సీతాఫల్’ అన్న ధ్వనికీ సహజ సంబంధమేమీ లేదు. అమ్మేవానికీ కొనేవానికీ మధ్య ఉన్న నమ్మకమే ఆ సంబంధం.

ఒప్పందం ఎలా నిలుస్తుందో దీనివల్ల తెలిసింది. అసలు మొదట ఎలా పుడుతుందన్న ప్రశ్న మిగిలి ఉన్నది.

పేరు పెట్టే ఆట

బెల్జియం శాస్త్రవేత్త లూక్ స్టీల్స్ 1995 నుండి ఈ ప్రశ్నను గణకయంత్రాలపై పరీక్షించాడు. భాష తెలియని కృత్రిమ పాత్రలను సృష్టించి, వాటిచేత ‘పేరు పెట్టే ఆట’ ఆడించాడు. తరువాతి పరిశోధకులు దీనిని మరింత సరళం చేశారు. ఆట నియమాలు మన పిల్లలకు కూడా అర్థమయ్యేటంత తేలిక.

ఒక కాలనీలో ఇరవై కుటుంబాలున్నాయనుకుందాం. ఎవరికీ తెలియని ఒక కొత్త కాయ బజారుకు వచ్చింది. ప్రతిసారీ ఇద్దరు కలుసుకుంటారు. ఒకరు ఆ కాయకు తమకు తోచిన పేరు చెబుతారు. ఎదుటివారికి ఆ పేరు ఇంతకుముందే తెలిసి ఉంటే మాట కుదిరినట్లే. ఇద్దరూ తమ మనసులో ఉన్న తక్కిన పేర్లన్నీ వదలి దానినే ఉంచుకుంటారు. తెలియకపోతే, ఎదుటివారు ఆ పేరును తమ జాబితాలో చేర్చుకుని ముందుకు పోతారు. ఇంతకుమించి నియమం లేదు. మధ్యవర్తి లేడు, నాయకుడు లేడు, మొత్తం కాలనీలో ఏమి జరుగుతున్నదో ఎవరికీ తెలియదు.

ఫలితం ఆశ్చర్యం గొలుపుతుంది. మొదట్లో పేర్లు విపరీతంగా పెరుగుతాయి. ఒక్కొక్కరి జాబితాలో నాలుగైదు పేర్లు చేరి గందరగోళమవుతుంది. కొంతకాలానికి ఒక పేరు స్వల్పంగా ముందుకు వస్తుంది. ముందున్న పేరుకే మాట కుదిరే అవకాశం ఎక్కువ కనుక అది మరింత ముందుకు పోతుంది. ఆపైన ఉన్నట్టుండి తక్కిన పేర్లన్నీ రాలిపోయి, ఒక్కటే మిగులుతుంది. ఏ పేరు గెలుస్తుందో ముందుగా చెప్పలేము కాని, ఏదో ఒకటి గెలుస్తుందని మాత్రం చెప్పగలము.

ఈ ఆటను మనం ఢిల్లీలో నిత్యం ఆడుతూనే ఉన్నాము. శ్రీకాకుళం ఇల్లాలు ఆనపకాయ అంటుంది. గుంటూరు ఇల్లాలు సొరకాయ అంటుంది. పక్క పక్క క్వార్టర్లలో ఉన్న ఇద్దరూ కొన్నాళ్లు ఒకరి మాటను ఒకరు సరిదిద్దుకుంటారు, సరదాగా పోట్లాడుకుంటారు. రెండేళ్లు గడిచేసరికి ఇద్దరి నోటా ‘ఈ రోజు ఘియా కూర’ అన్న మాట దొర్లుతుంది! ఆనపకాయా గెలవలేదు, సొరకాయా గెలవలేదు. ఇద్దరూ తరచుగా మాట్లాడవలసి వచ్చిన మూడవ మనిషి, అంటే కూరల బండివాని మాట గెలిచింది. అందరితోనూ సంబంధమున్న వ్యక్తి నోటి మాటకు ఉండే బలం ఇది.

ఈ కథలో నవ్వు ఉన్నది, నష్టమూ ఉన్నది. దానిని చివర ప్రస్తావిస్తాము.

ఎవరితో మాట్లాడతామో, వారి మాటే

2015లో డేమన్ సెంటోలా, ఆండ్రియా బరోన్‌కెల్లి అనే పరిశోధకులు ఇదే ఆటను మనుషులతో ఆడించారు. పాల్గొన్నవారికి తెరపై ఒక ముఖచిత్రం చూపి, పేరు పెట్టమన్నారు. జతగా వచ్చిన ఇద్దరూ ఒకే పేరు పెడితే కొంత సొమ్ము లభిస్తుంది. వేరు వేరు పేర్లు పెడితే నష్టం. జతలు మారుతూ ఉంటాయి. తాము ఎంతమంది గుంపులో ఉన్నామో కూడా వారికి తెలియదు.

గుంపులో ఎవరైనా ఎవరితోనైనా జతపడేటట్లు కలిపినప్పుడు, కొన్ని ఆవృత్తుల తరువాత గుంపంతటికీ ఒకే పేరు స్థిరపడింది. ఇరుగుపొరుగు నలుగురితో మాత్రమే జతపడేటట్లు కట్టడి చేసినప్పుడు, ఒక్కొక్క మూలలో ఒక్కొక్క పేరు స్థిరపడి, ఏదీ మొత్తాన్ని గెలవలేకపోయింది. మనుషులు మారలేదు, తెలివి మారలేదు. ఎవరు ఎవరితో కలుస్తారన్న అల్లిక మాత్రమే మారింది.

ప్రయోగశాలలో అరగంటలో కనిపించినది మన తెలుగునేలపై వందల ఏళ్లుగా జరిగింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు (1928–2012) జిల్లాలవారీగా రైతుల నోటి మాటలు సేకరింపజేసి, మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటిని 1962లో వెలువరించారు. తరువాత 1971లో చేనేత పదాల సంపుటి వచ్చింది. నాగలి అన్న మాట ఒకచోట వాడుకలో ఉంటే, రాయలసీమలో అదే పనిముట్టు మడక. పొలం పనిముట్టు ఊరు దాటి ఎక్కువ దూరం పోదు. దానిని గురించి మాట్లాడుకునేవారు ఆ చుట్టుపక్కల ఊళ్లవారే. కనుక ఒక్కొక్క సీమలో ఒక్కొక్క మాట కుదిరి నిలిచిపోయింది. ఇటువంటి పదాల వ్యాప్తిని ఆధారం చేసుకుని ఆయన తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా విభజించి చూపారు.

ఢిల్లీ భాషకూ ఇటువంటి చరిత్ర ఉన్నది. పదునాలుగవ శతాబ్దిలో ఢిల్లీ సుల్తానుల సైన్యాలతో, ముఖ్యంగా 1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దౌలతాబాదును రాజధానిగా చేసిన తరువాత, ఇక్కడి జనభాష దక్కనుకు తరలివెళ్లింది. అక్కడ మరాఠీ, తెలుగు, కన్నడ భాషల మధ్య పెరిగి దక్కనీ అయింది. నేడు హైదరాబాదు మిత్రుడు ఢిల్లీ ఆఫీసులో ‘నక్కో’ అంటే పక్కవారు చిరునవ్వు నవ్వుతారు. అతను హిందీ తప్పు మాట్లాడడం లేదు. ఒకే తల్లి బిడ్డలు ఆరు వందల ఏళ్లు వేరు వేరు వాకిళ్లలో పెరిగారు, అంతే.

ఇంతకంటె విశేషమైన ఉదాహరణ మధ్య అమెరికాలోని నికరాగువా దేశంలో జరిగింది. 1977 తరువాత అక్కడి రాజధాని మనాగువాలో బధిర బాలల పాఠశాలలు మొదలయ్యాయి. అంతవరకు ఆ పిల్లలు ఎవరి ఇళ్లలో వారు, ఇంటివారికి మాత్రమే తెలిసిన సైగలతో బతికారు. ఉపాధ్యాయులు వారికి పెదవుల కదలికను చదవడం నేర్పాలని ప్రయత్నించారు. పిల్లలు మాత్రం ఆటస్థలంలో, బస్సులో ఒకరి సైగలు ఒకరు అందుకుంటూ కొద్ది ఏళ్లలోనే తమకంటూ ఒక కొత్త భాషను సృష్టించుకున్నారు. తరువాత చేరిన చిన్నపిల్లలు దానికి చక్కని వ్యాకరణ సౌష్ఠవం కల్పించారు. ఎవరూ నేర్పని భాష పుట్టడానికి కావలసినది పిల్లలంతా ఒకచోట చేరడమే!

ఉత్తర్వులకు లొంగని నోరు

మాటలు తమంత తాముగా కుదురుకుంటాయి సరే, పైనుండి ఉత్తర్వు ఇస్తే మారవా? దీనికి ఢిల్లీ నగరమే మంచి పాఠశాల.

కన్నాట్ ప్లేస్‌కు 1995లో రాజీవ్ చౌక్ అని, దాని వెలుపలి వలయమైన కన్నాట్ సర్కస్‌కు ఇందిరా చౌక్ అని పేర్లు మార్చారు. బోర్డులు మారాయి. జనం నోట మాత్రం అది ‘సీపీ’గానే నిలిచింది. కాని 2005లో అక్కడ భూగర్భంలో మెట్రో స్టేషన్ ప్రారంభమై, దానికి రాజీవ్ చౌక్ అని పేరు పెట్టారు. ప్రతి బండిలోనూ ఆ పేరు ప్రకటిస్తారు. ఎక్కడ బండి మారాలని అడిగినవారికి ఆ పేరే చెప్పాలి. దానితో రాజీవ్ చౌక్ అన్న మాట జనం నోట పడింది. అయితే పాత పేరును తొలగించలేదు. పక్కన చోటు చేసుకుంది. నేడు ఢిల్లీవాసి ‘రాజీవ్ చౌక్‌లో దిగి సీపీకి వెళ్లాను’ అంటాడు. కింద స్టేషన్‌కు ఒక పేరు, పైన బజారుకు ఒక పేరు! ఏ అధికారీ ఊహించని ఈ సర్దుబాటు జనం తమలో తాము చేసుకున్నదే.

గుర్‌గావ్ 2016లో అధికారికంగా గురుగ్రామ్ అయింది. కాగితాలపై కొత్త పేరు, మాటలలో తరచుగా పాత పేరు నడుస్తున్నాయి. కింగ్స్‌వే క్యాంపు దగ్గరి మెట్రో స్టేషన్‌కు జీటీబీ నగర్ అని పేరున్నా, ఆ ప్రాంతానికి కింగ్స్‌వే క్యాంపు అన్న పేరు చెక్కుచెదరలేదు.

తెలుగులోనూ ఇంతే. రైలుకు ధూమశకటమని, టెలిఫోనుకు దూరవాణి అని పండితులు మంచి పేర్లే పెట్టారు. అవి లెటర్‌హెడ్‌లకూ హాస్య ప్రసంగాలకూ పరిమితమయ్యాయి. ఆకాశవాణి మాత్రం ఇంటింటి మాట అయింది. పదం అందం ఒక్కటే కారణమైతే మూడూ నిలవాలి. రేడియో పెట్టగానే ఆ పేరే వినిపించేది. రోజూ పొద్దున్నే కోట్లమంది దానిని ఒకేసారి విన్నారు, తమలో తాము అనుకున్నారు. ఉత్తర్వు మాటకు జన్మ ఇవ్వగలదు. దానిని బతికించేది ఇద్దరు మనుషుల మధ్య జరిగే వాడుక మాత్రమే.

నాలుగింట ఒక వంతు

స్థిరపడిన మాటను కొద్దిమంది మార్చగలరా అన్నది తరువాతి ప్రశ్న. సెంటోలా, బరోన్‌కెల్లి బృందం 2018లో మరొక ప్రయోగం ప్రకటించింది. ఇరవై నుండి ముప్పైమంది ఉన్న పది గుంపులలో ముందుగా ఒక పేరు స్థిరపడనిచ్చారు. తరువాత ఎంత నష్టం వచ్చినా కొత్త పేరునే పట్టుబట్టి చెప్పే కొద్దిమందిని ఆ గుంపులలోకి పంపారు. వారి సంఖ్య మొత్తంలో సుమారు 25 శాతానికి తక్కువగా ఉన్నప్పుడు గుంపు చలించలేదు. ఆ గీత దాటినప్పుడు గుంపంతా కొత్త పేరుకు మారింది. గీతకు ఇవతల, అవతల ఉన్న తేడా ఒక్కోచోట ఒకే ఒక మనిషి.

నగరాన్ని ప్రయోగశాలతో సరిపోల్చడం అంత సులువు కాదు. అయినా ఢిల్లీ చరిత్ర ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు. 1941లో ఢిల్లీ జనాభా సుమారు 9.18 లక్షలు, 1951 నాటికి 17.44 లక్షలు. దేశవిభజన వల్ల పశ్చిమ పంజాబు తదితర ప్రాంతాల నుండి తరలివచ్చినవారే దాదాపు 5 లక్షలు, అనగా నాలుగింట ఒక వంతుకు మించి. వారు దుకాణాలు పెట్టారు, టాక్సీలు నడిపారు, అందరితోనూ కలిశారు. ‘ముఝే జానా హై’ అనవలసిన చోట ‘మైనే జానా హై’ అనడం ఢిల్లీ హిందీలో వారి వల్ల వచ్చిన వాడుకే. వ్యాకరణ పుస్తకాలు నేటికీ దానిని ఒప్పుకోవు. బస్సులో పక్క సీటువారు మాత్రం ఏనాడో ఒప్పుకున్నారు.

మన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు (1863–1940) వాడుక భాష పక్షాన నిలిచినప్పుడు పండితలోకంలో ఆయన వెంట ఉన్నది కొద్దిమందే. ఎదుటి పక్షంలో బలమైన పరిషత్తులు ఉన్నాయి, ఉద్దండులు ఉన్నారు. ఆయన వెనక్కు తగ్గలేదు; ఊరూరా తిరిగి చెప్పారు. క్రమంగా రచయితలు, ఆపైన పత్రికలు ఆ దారి పట్టాయి. ఆయన కన్నుమూసిన ఎన్నో ఏళ్లకు గాని మార్పు సంపూర్ణం కాలేదు. నేడు ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. పట్టుదల గల కొద్దిమంది ఎంత చేయగలరో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ప్రాణం మీదికి వచ్చే మాట

కూరల బజారులో మాట కుదరకపోతే గుమ్మడి ముక్కతో పోతుంది. అన్నిచోట్లా అంత తేలికగా పోదు.

1996 నవంబరు 12వ తేదీ సాయంత్రం ఢిల్లీకి పడమరగా, హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్నాయి. ఒకటి ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ అరేబియా విమానం. రెండవది ఢిల్లీలో దిగవలసిన కజకస్తాన్ విమానం. రెండింటిలోని 349 మందీ మరణించారు. కజకస్తాన్ విమానం 15,000 అడుగుల ఎత్తున ఉండవలసి ఉండగా, అంతకంటె కిందికి దిగి వచ్చింది. విచారణ జరిపిన జస్టిస్ లహోటీ కమిషన్, ఆ విమాన సిబ్బందికి ఆంగ్లభాషా పరిజ్ఞానం చాలకపోవడం, నియంత్రణ కేంద్రం మాటలను సరిగా అర్థం చేసుకోలేకపోవడం కూడా కారణాలలో ఉన్నాయని పేర్కొన్నది. ఇటువంటి విషాదాల దరిమిలా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో వైమానికుల భాషా సామర్థ్యానికి ప్రమాణాలు ఏర్పరచింది. అవి 2008లో అమలులోకి వచ్చాయి. విమానయానంలో ఒక కచ్చితమైన పద్ధతి ఉన్నది. నియంత్రణాధికారి ఎత్తు చెప్పగానే, విన్నవాడు ‘సరే’ అని ఊరుకోకూడదు. విన్న అంకెను తిరిగి పలికి వినిపించాలి.

మన రంగాలలోనూ ఇటువంటి సందర్భాలున్నాయి. తెలుగు రాష్ట్రాల విద్యుత్ లైన్‌మన్ కరెంటు తీయించి లైనుపై పని చేయడానికి అనుమతి తీసుకోవడాన్ని ‘ఎల్‌సీ తీసుకోవడం’ అంటాడు. ఇక్కడ ఉత్తరప్రదేశ్‌లో అదే పనికి ‘షట్‌డౌన్’ అన్న మాట వాడుకలో ఉన్నది. దక్షిణాది నుండి కొత్తగా వచ్చిన సిబ్బంది ‘ఎల్‌సీ హో గయా?’ అని అడిగితే, అర్థం కాని కాంట్రాక్టు కార్మికుడు మొహమాటానికి ‘హాఁ జీ’ అన్నాడనుకోండి. ఆ రెండు మాటల మధ్య ఒక నిండు ప్రాణం వేలాడుతూ ఉంటుంది. మాట అర్థం కాలేదని చెప్పడం నామోషీ కాదని ప్రతి కార్మికునికీ తెలియజేయాలి. విన్నది తిరిగి పలికించుకోవడం పై అధికారికి కూడా అలవాటు కావాలి. మాట కుదిరిందన్న భ్రమ, మాట కుదరకపోవడం కంటె ప్రమాదకరం.

ఈ విషయం యంత్రాలకూ వర్తించే రోజులు వచ్చాయి. భాషను నేర్చిన కృత్రిమ మేధ నమూనాలతో ఇదే పేరు పెట్టే ఆటను ఆడించి, 2025లో బరోన్‌కెల్లి తన సహచరులతో కలిసి ఫలితాలు ప్రకటించాడు. వాటికీ మధ్యవర్తి లేకుండానే ఉమ్మడి వాడుక కుదిరింది. విడివిడిగా చూస్తే ఏ ఒక్కదానికీ లేని పక్షపాతం గుంపులో పుట్టుకురావడం, పట్టుదల గల కొద్ది పాత్రలు తక్కినవాటిని మార్చగలగడం కూడా అందులో కనిపించాయి. రేపు మన కార్యాలయాలలో యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని పనులు చక్కబెట్టే వేళ, వాటి మధ్య ఏ వాడుక కుదురుతున్నదో మనుషులు కనిపెట్టి ఉండవలసిందే.

మన ఇళ్లలో

ఇప్పుడు ఘియా కూర దగ్గరకు తిరిగి వద్దాము.

ఢిల్లీలో పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు రావడం లేదని తల్లిదండ్రులు బాధపడుతుంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాము కదా అని ఆశ్చర్యపోతారు. పైన చెప్పిన ఆట నియమాన్ని గుర్తుకు తెచ్చుకుంటే కారణం తెలుస్తుంది. పలికిన మాటకు అదే మాటతో బదులు వచ్చినప్పుడే అది నిలుస్తుంది. తల్లి తెలుగులో అడుగుతుంది. బిడ్డ హిందీలో బదులిస్తాడు. తల్లి దానినే అంగీకరించి అన్నం వడ్డిస్తుంది. పని జరిగింది కాని, ఆ ఆటలో తెలుగు మాట ఓడింది. పైగా పిల్లల లోకం తల్లిదండ్రులతో నిండదు. బస్సులో, ఆటస్థలంలో, తరగతిలో తోటి పిల్లలతో కుదిరిన మాటే వారి మాట. నికరాగువా పిల్లలు మనకు నేర్పిన పాఠం ఇదే.

మన పెద్దలు ఈ సంగతిని శాస్త్రజ్ఞుల కంటె ముందే గ్రహించారేమో అనిపిస్తుంది. శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి చొరవతో 1948లో ఢిల్లీలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడింది. ఆ పాఠశాలల వల్ల కోస్తా, సీమ, తెలంగాణ ప్రాంతాల నుండి ఉద్యోగరీత్యా వచ్చినవారి పిల్లలు ఒకే బల్లపై కూర్చోగలిగారు. ఎక్కడెక్కడో విసిరేసినట్లున్న కుటుంబాల పిల్లలు ఒకరితో ఒకరు తెలుగులో పోట్లాడుకోవడానికి కూడా ఒక చోటు దొరికింది. భాష నిలవడానికి పాఠ్యపుస్తకం ఎంత అవసరమో, ఆ పోట్లాట కూడా అంత అవసరం.

ప్రతి కాలనీలోనూ బడి పెట్టలేము. కాని నాలుగు తెలుగు కుటుంబాలు ఆదివారం ఒక పూట కలవడం కష్టం కాదు. కలిసినప్పుడు పెద్దలు ఒక గదిలో, పిల్లలు టీవీ ముందు కాకుండా, పిల్లలు పిల్లలతో ఆడుకునే ఏర్పాటు చేయాలి. ఆటలో హిందీ దొర్లితే కోప్పడనవసరం లేదు. ఎనిమిదిమంది పిల్లలలో తెలుగు విడవని ఇద్దరున్నా తక్కినవారికి ఊతం దొరుకుతుంది. ఆనపకాయ అన్నా, సొరకాయ అన్నా ఒకరినొకరు గేలి చేసుకోకుండా రెండు మాటలనూ చెవిన వేసుకోనివ్వాలి. మాండలికాన్ని చూసి నవ్విన ఇంట్లో పిల్లవాడు రెండు తెలుగులూ వదలి మూడవ మాటనే ఎంచుకుంటాడు.

హిందీ మనకు అన్నం పెడుతున్న నగరపు భాష, దానిని కాదనుకోనక్కరలేదు. బజారులో ఘియా అనే అడుగుదాము. లేకపోతే కూర దొరకదు. ఆ కాయ గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చిన తరువాత దానికి మన పేరు మనం పెట్టుకోవచ్చు.

దసరాకు కొంచెం అటూ ఇటూగా ఊరినుండి అమ్మమ్మ ఫోను చేస్తుంది. ‘సీతాఫలాలు వచ్చాయిరా, నువ్వు ఉంటే ఎంత బాగుండేది!’ అంటుంది. ఆ మాట విని ఢిల్లీలోని మనవడు అమ్మమ్మ గుమ్మడికాయ కోసం ఎందుకింత దిగులు పడుతున్నదా అని అనుకోకూడదు. వాడి నోరు ఊరాలి.